25 ఏళ్లకే వెన్ను ఆపరేషన్: ముగ్గురు డాక్టర్లు మూడు రకాలుగా చెప్పారు, ఏం చెయ్యమంటారు?

మిర్యాలగూడ_అమ్మాయి

అందరికీ నమస్తే. నా వయసు 25. ఊరు మిర్యాలగూడ. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో హాస్టల్‌లో ఉండి ఎస్సై పరీక్షకు ప్రిపేర్ అవుతున్నా. ఏడు నెలల కింద హాస్టల్లో 20 లీటర్ల వాటర్ క్యాన్ ఎత్తి డిస్పెన్సర్ మీద పెడుతుంటే నడుంలో కలుక్కుమంది. మొదట్లో నడుం నొప్పే. రెండు వారాలకు నడుం తేలికపడి నొప్పి ఎడమ కాల్లోకి దిగింది. పిర్ర నుంచి తొడ వెనకగా పిక్కలోకి, అక్కడి నుంచి చిటికెన వేలి దాకా లాగుతుంది. దగ్గినా తుమ్మినా కాలు జివ్వుమంటుంది. అరగంట కూర్చోలేను. లైబ్రరీలో కిటికీ గట్టు మీద పుస్తకం పెట్టుకుని నిలబడి చదువుతున్నా.

ఎమ్మారై రిపోర్టులో రాసింది: ఎల్5–ఎస్1 దగ్గర (నడుం చివరి పూసకీ దాని కింది ఎముకకీ మధ్య) ఎడమ వైపు డిస్క్ ఎక్స్‌ట్రూజన్, ఎస్1 నరం నొక్కుకుంటోంది. దాని పైన ఎల్4–ఎల్5 దగ్గర చిన్న బల్జ్ (డిస్క్ ఉబ్బు).

మొదటి డాక్టర్: "ఇప్పుడే స్క్రూలు వేసి ఆ రెండు ఎముకలూ కలిపేద్దాం, మళ్లీ రాదు." రెండో డాక్టర్: "ఫ్యూజన్ ఎందుకు, మైక్రోడిసెక్టమీ చేసి ఆ డిస్క్ ముక్క తీసేస్తే చాలు." మూడో ఆయన: "చిన్నపిల్లవి, నరం దగ్గర ఇంజెక్షన్ ఇస్తా, ఇంకో మూడు నెలలు చూడు."

నాన్న రైస్ మిల్లులో పని చేస్తారు, తెల్లకార్డు ఉంది. అమ్మేమో నడుం ఆపరేషన్ అయిన పిల్ల అంటే సంబంధాలు రావని ఏడుస్తోంది. నాకేమో 800 మీటర్ల పరుగు, లాంగ్ జంప్, షాట్‌పుట్ కళ్ల ముందు కనబడుతున్నాయి. ఎవరి మాట వినాలి?

కృష్ణలంక_కుర్రోడు

అక్కా, ఆపరేషన్ మాత్రం వద్దు. మా బాబాయి నడుం ఆపరేషన్ చేయించుకుని మంచానపడ్డాడు. డాక్టర్లకి కత్తి చేతిలో ఉంటే చాలు.

తెనాలి_పెద్దాయన

అమ్మా, కంగారు పడకు. వావిలాకు ఉడకబెట్టి ఆ నీళ్లతో కాపడం పెట్టించుకో. మా రోజుల్లో నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లని పిలిచి తొక్కించుకునేవాళ్లం. నాకు రెండుసార్లు అలాగే తగ్గింది. ఖర్చు ఒక కొబ్బరికాయ.

ఫిజియో_బెజవాడ

పెద్దాయన గారూ, వావిలాకు కాపడం పెట్టుకోమనండి, వేడికి కండరం వదులవుతుంది, నాకేం అభ్యంతరం లేదు. తొక్కించుకోవడం మాత్రం ఈ అమ్మాయికి వద్దండి. మీకు తగ్గింది కండరం పట్టు, అది వారం పది రోజుల్లో ఎలాగూ తగ్గుతుంది. ఈ అమ్మాయికి డిస్క్ ముక్క బయటికి వచ్చి నరాన్ని నొక్కుతోంది. దాని మీద ఇంకో మనిషి బరువు పడితే కాలు పడిపోయే ప్రమాదం ఉంది. అలా తొక్కించుకుని మర్నాడు ఆటోలో పడుకోబెట్టుకుని తెచ్చినవాళ్లని మా క్లినిక్‌లో చూశాను.

అమ్మాయీ, మూడు పనులు చేసి చెప్పు. 1) గోడ పట్టుకుని ఎడమ కాలి మీద ఒక్కదాని మీదే నిలబడి మడమ ఎత్తు, పదిసార్లు ఎత్తగలవా? 2) మడమల మీద నడవగలవా? 3) నొప్పి పదికి ఎంత, కాలికి విడిగా, నడుంకి విడిగా చెప్పు.

మిర్యాలగూడ_అమ్మాయి

కాలు 8. నడుం 2, ఒక్కోసారి 3. మడమల మీద నడవగలిగా. మునివేళ్ల మీద మాత్రం కుడికాలు పది దాటింది, ఎడమకాలు మూడోసారికే వణికి దిగిపోయింది. ఇది ఇప్పటిదాకా ఏ డాక్టరూ చేయించలేదు.

ఆర్థో_పీజీ

నేను ఆర్థోపెడిక్స్ పీజీ చేస్తున్నా. నిన్ను పరీక్ష చేయలేదు కాబట్టి ఇది సలహా మాత్రమే.

ముందు అత్యవసరం. మూత్రం రాక ఆగిపోవడం, తెలియకుండా పడిపోవడం, కూర్చునే చోట, జననాంగాల చుట్టూ మొద్దుబారడం, మలం మీద పట్టు తప్పడం, రెండు కాళ్లూ బలహీనపడటం: వీటిలో ఏ ఒక్కటి వచ్చినా అర్ధరాత్రి అయినా క్యాజువాలిటీకి వెళ్లాలి. వెన్ను చివరి నరాల కట్ట నొక్కుకోవడం ఇది, కాడా ఈక్వైనా అంటారు. అప్పుడు సలహాలు అడుగుతూ కూర్చోకూడదు, గంటలు లెక్క. ఇవేమీ లేవనే అనుకుంటున్నా.

ఇక నీ ప్రశ్న. ముగ్గురు మూడు రకాలుగా చెప్పారంటే ముగ్గురిలో ఇద్దరు మోసగాళ్లని కాదు. నువ్వు ముగ్గురినీ "నాకు ఆపరేషన్ అవసరమా" అని అడిగి ఉంటావు. "ఏ నొప్పి తగ్గడానికి ఈ ఆపరేషన్" అని అడిగితే తేడా బయటపడేది.

డిస్క్ లోపల మెత్తని గుజ్జు, చుట్టూ గట్టి పొర. బొబ్బట్టు అంచు చీలి పూర్ణం బయటికి వచ్చినట్టు గుజ్జు బయటికి వచ్చి నరం మీద పడితే అది కాలి నొప్పి. మైక్రోడిసెక్టమీలో రెండు మూడు సెంటీమీటర్ల గాటు పెట్టి మైక్రోస్కోప్‌తో చూస్తూ ఆ బయటికొచ్చిన ముక్కని తీసేస్తారు. డిస్క్ మొత్తం తియ్యరు, ఎముకలు కలపరు. కాలి నొప్పికి ఇది బాగా పనిచేస్తుంది. నడుం నొప్పికి దీని మీద అంత నమ్మకం పెట్టుకోకూడదు.

ఫ్యూజన్ వేరే సంగతి. డిస్క్ తీసేసి మధ్యలో కేజ్ పెట్టి స్క్రూలతో రెండు పూసలనీ ఒకే ఎముకగా అతికిస్తారు. పూస జారినప్పుడు, పూసలు అదుపు లేకుండా కదులుతున్నప్పుడు, విరిగినప్పుడు, ఇన్‌ఫెక్షన్ తినేసినప్పుడు, ఒకేచోట డిస్క్ మళ్లీ మళ్లీ జారినప్పుడు దాని అవసరం వస్తుంది. మొదటిసారి డిస్క్ జారిన 25 ఏళ్ల మనిషికి, కాలి నొప్పే ముఖ్యమైనప్పుడు, ఫ్యూజన్‌తో మొదలుపెట్టడానికి గట్టి కారణం చూపించాలి. ఒకచోట కదలిక ఆగితే దాని పైనున్న డిస్క్ మీద భారం పెరుగుతుంది. నీకు ఇంకా యాభై ఏళ్ల జీవితం ఉంది, ఎల్4–ఎల్5లో బల్జ్ కూడా ఉంది.

కాబట్టి ఒక ప్రశ్న: ముందుకు వంగి ఒకటి, వెనక్కి వంగి ఒకటి, డైనమిక్ ఎక్స్‌రే తీశారా? తియ్యకుండా స్క్రూలు అన్నారంటే ఆ మాట ఇంకోచోట చూపించుకునేదాకా పక్కన పెట్టు.

మడమ ఎత్తలేకపోవడం ఎస్1 నరం బలహీనత. ఎమ్మారై చెప్పిన నరమూ అదే, నీ నొప్పి దారీ అదే. మూడూ కలిశాయి. ఇది వచ్చేసారి డాక్టర్‌కి తప్పకుండా చెప్పు.

మిర్యాలగూడ_అమ్మాయి

డైనమిక్ ఎక్స్‌రే తియ్యలేదు. పడుకోబెట్టి మామూలు ఎక్స్‌రే తీశారు. అన్నా, ఆ ఎల్4–ఎల్5 బల్జ్ చూసి మా చుట్టాలంతా "రెండు డిస్కులు పోయాయట" అని చెప్పుకుంటున్నారు. అది కూడా ఆపరేషన్ చెయ్యాలా?

ఆర్థో_పీజీ

వద్దు. ఏ నొప్పీ లేని మనుషులకి తీసిన స్కాన్‌లన్నీ కలిపి 2015లో ఒక సమీక్ష వచ్చింది, 3,110 మందివి. నొప్పే లేని ఇరవై ఏళ్లవాళ్లలో 30 శాతం మందికి డిస్క్ బల్జ్ ఉంది, 37 శాతం మందికి డిస్క్ అరుగుదల ఉంది. ఎనభై ఏళ్లకి వచ్చేసరికి అరుగుదల 96 శాతం. మీ చుట్టాల్ని వరసగా పడుకోబెట్టి ఎమ్మారై తీస్తే సగం మందికి బల్జ్ దొరుకుతుంది. రిపోర్టులో ఉన్న ప్రతి మాటకీ వైద్యం చెయ్యక్కర్లేదు.

నాలుగు_స్క్రూలు

ఫ్యూజన్ అనగానే అందరూ భయపెడుతున్నారు కాబట్టి రాస్తున్నా. నాకు 22 ఏళ్లప్పుడు ఎల్5–ఎస్1లో ఫ్యూజన్ అయింది. నాది డిస్క్ జారడం కాదు, పూస జారడం, లిస్థెసిస్ గ్రేడ్ 2. పదో తరగతిలో క్రికెట్ ఫాస్ట్ బౌలింగ్ వేసేవాణ్ని, అప్పుడే వెనక ఎముకలో చీలిక వచ్చిందన్నారు. పది నిమిషాలు నిలబడితే రెండు కాళ్లూ బరువెక్కేవి. బెల్టు, ఫిజియో, మందులు అన్నీ అయ్యాకే చేశారు. ఇప్పుడు బండి నడుపుతా, ఆఫీసుకి వెళ్తా, తిరుమల మెట్లు ఎక్కా. పొద్దున లేవగానే బూట్ల లేసులు కట్టుకోవడానికి మాత్రం స్టూల్ మీద కాలు పెట్టాల్సిందే.

ఇంకోటి. సర్జన్ నన్ను ఆపరేషన్‌కి ముందు సిగరెట్లు పూర్తిగా మాన్పించాడు. పొగ తాగేవాళ్లకి ఎముక సరిగ్గా అతుక్కోదట. చెల్లెమ్మకి ఆ సమస్య లేదు, చదివే మగపిల్లల కోసం చెబుతున్నా.

కారణం ఉంటే ఫ్యూజన్ మంచిదే. చెల్లి చెప్పినదాంట్లో నాకున్న కారణం కనబడలేదు.

కృష్ణలంక_కుర్రోడు

అన్నా మరి మా బాబాయి సంగతి?

నాలుగు_స్క్రూలు

మీ బాబాయికి ఏ ఆపరేషన్ చేశారు, ఎందుకు చేశారు, ఎన్నేళ్లు నరం నొక్కుకున్నాక చేశారు? అవి తెలియకుండా నువ్వూ నేనూ ఏం మాట్లాడతాం తమ్ముడూ.

కృష్ణలంక_కుర్రోడు

కనుక్కుంటా.

లీడ్స్_తెలుగు

నేను ఆపరేషన్ లేకుండా బయటపడ్డా, అందుకని ఇటువైపు కథ కూడా వినండి. వయసు 31. యూకేలో డాక్టర్‌కి కాల్ చేస్తే ముందు ఫిజియో దగ్గరికే పంపుతారు. ఎమ్మారై దాకా వెళ్లడానికే చాలా టైమ్ పట్టింది. అప్పుడు తిట్టుకున్నా. నాది ఎల్4–ఎల్5లో పెద్ద ముక్క, డిస్క్ నుంచి పూర్తిగా తెగి కిందికి జారింది. చూసిన వాళ్లంతా అమ్మో అన్నారు. స్పైన్ క్లినిక్‌లో ఆవిడ మాత్రం పెద్ద ముక్కలే ఎక్కువగా కరుగుతాయి, బయటికి వచ్చిన గుజ్జుని ఒళ్లు పరాయి పదార్థంలా చూసి తినేస్తుంది, చిన్న బల్జ్ అలా కరగదు అంది. నరం దగ్గర స్టిరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు. దాంతో నిద్ర పట్టింది, నిద్ర పట్టాక నడక మొదలైంది. ఏడాదికి తీసిన స్కాన్‌లో ముక్క దాదాపు లేదు.

మందుల గురించి ఒక మాట. ఇండియాలో ఫ్రెండ్స్ అందరూ నరాల నొప్పికని ప్రీగాబాలిన్ వేసుకుంటున్నారు. ఇక్కడ 2020 నుంచి సయాటికాకి (నరం నొక్కుకుని కాల్లోకి లాగే నొప్పికి) గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ రాయొద్దని నైస్ (ఇక్కడ డాక్టర్లకి మార్గదర్శకాలు ఇచ్చే సంస్థ) గైడ్‌లైన్‌లోనే ఉంది. 2017లో ఆస్ట్రేలియా ట్రయల్‌లో ప్రీగాబాలిన్ మందు లేని ఉత్తి గోళీ కంటే మెరుగ్గా పనిచెయ్యలేదు, తల తిరగడం మాత్రం ఎక్కువైంది. ఇప్పటికే వాడుతుంటే ఒక్కసారిగా ఆపకండి, డాక్టర్‌ని అడిగి మెల్లగా తగ్గించుకోండి.

మిర్యాలగూడ_అమ్మాయి

అదే వాడుతున్నా అన్నా! రాత్రిపూట. పొద్దున చదివింది ఏమీ ఎక్కట్లేదు, మతిమరుపు వచ్చిందేమో అని భయపడ్డా.

వైజాగ్_అల

ఎల్4–ఎల్5, మైక్రోడిసెక్టమీ, 28 ఏళ్లప్పుడు. నేను ఆలస్యం చేసిన రకం. ఒకరోజు బీచ్ రోడ్డులో నడుస్తుంటే వెనకనుంచి ఎవరో "మేడమ్, మీ చెప్పు" అని పిలిచారు. కుడికాలి హవాయి చెప్పు ఎప్పుడో జారిపోయింది, నాకు తెలియనేలేదు. బొటనవేలు పైకి లేవడం లేదు. ఆ వారంలోనే ఆపరేషన్. మత్తు దిగి కళ్లు తెరిచేసరికి కాలి నొప్పి లేదు, నిజంగా లేదు. బొటనవేలికి బలం రావడానికి మాత్రం నెలలు పట్టింది, ఇప్పటికీ పూర్తిగా రాలేదు. అందుకే చెప్తున్నా చెల్లీ, నొప్పి ఓర్చుకోవచ్చు, బలహీనత పెరుగుతుంటే మాత్రం వారాలు లెక్కపెట్టుకుంటూ కూర్చోకు.

రెండో సంగతి ఎవరూ ముందు చెప్పరు. ఏడాదిన్నరకి నిండు గ్యాస్ సిలిండర్ జరుపుతుంటే అదే చోట మళ్లీ జారింది. లోపల 14.2 కిలోల గ్యాస్, ఇనుప బండతో కలిపి ముప్పై కిలోల దాకా ఉంటుంది. రెండోసారి కూడా డిసెక్టమీయే చేశారు, ఇప్పుడు బాగున్నా. పక్కింటి కుర్రాడికి ఇరవై రూపాయలిస్తే సిలిండర్ పెట్టి వెళ్తాడు.

ఆర్థో_పీజీ

వైజాగ్ మేడమ్ చెప్పింది నిజం. డిసెక్టమీ తర్వాత అదే చోట మళ్లీ జారడం ఇంచుమించు 5 నుంచి 15 శాతం మందిలో జరుగుతుంది. మొదటి డాక్టర్ "ఫ్యూజన్ చేస్తే మళ్లీ రాదు" అన్నది దీన్ని దృష్టిలో పెట్టుకునే. అయితే వందలో ఎనభై ఐదు మందికి పైగా మళ్లీ జారని చోట, అందరికీ ముందే స్క్రూలు వేసెయ్యడం నాకు సబబుగా తోచదు.

బెంగళూరు_బ్యాచిలర్

ఎండోస్కోపిక్ గురించి ఎవరూ చెప్పలేదే. నాకు ఎల్4–ఎల్5లో పక్కనుంచి చేశారు, ఎనిమిది మిల్లీమీటర్ల గాటు, మెలకువగానే ఉన్నా. "కాల్లోకి లాగుతోందా? ఎక్కడ?" అని మధ్యమధ్యలో అడిగారు. సాయంత్రం నడిచా, మర్నాడు ఇంటికి. కావాలంటే అదే చేయించుకో సిస్టర్, లేజర్ కూడా ఉందట.

ఆర్థో_పీజీ

బాగుంటుంది, చేతిలో అనుభవం ఉన్నవాళ్లు చేస్తే. ఎల్5–ఎస్1కి పక్కదారిలో తుంటి ఎముక అడ్డొస్తుంది. అందుకే అక్కడ ఎక్కువగా వెనకనుంచే, పూసల మధ్య సందులోంచి ఎండోస్కోప్ పెడతారు, దానికి తరచుగా పూర్తి మత్తే ఇస్తారు. ఏడాది తర్వాత చూస్తే కాలి నొప్పి విషయంలో మైక్రోకీ ఎండోస్కోపిక్‌కీ పెద్ద తేడా ఉండదు. గాటు సైజు చూసి సర్జన్‌ని ఎంచుకోవద్దు. "ఈ ఆపరేషన్ మీరు నెలకి ఎన్ని చేస్తారు" అని అడుగు, కోపం తెచ్చుకునే డాక్టర్ అయితే అదీ ఒక సమాధానమే. లేజర్ బోర్డులు చూసి మోసపోవద్దు, ఎక్స్‌ట్రూజన్‌కి దానితో పనిలేదు.

గచ్చిబౌలి_గడుసు

ఆర్టిఫిషియల్ డిస్క్? మా టీమ్ లీడ్ అదే వేయించుకోమంటున్నాడు నన్ను.

ఆర్థో_పీజీ

అమెరికాలో నడుంకి 2004లోనే అనుమతి వచ్చింది. పొట్ట వైపు నుంచి, పెద్ద రక్తనాళాలు పక్కకి తప్పించి పెడతారు. ముఖ్యంగా డిస్క్ అరిగి నడుం నొప్పి ఉన్నవాళ్ల కోసం, అదీ వెనక కీళ్లు బాగుంటేనే. ఈ అమ్మాయి కేసుకి సంబంధం లేదు. మీది ఇంకో థ్రెడ్ పెట్టండి.

కాకినాడ_కాజా

నా కేసు కూడా వినండి, యువకులకి ముఖ్యం. 23 ఏళ్లకి నడుం నొప్పి, ఎమ్మారైలో డిస్క్ బల్జ్, ఒకచోట ఆపరేషన్ డేట్ కూడా ఇచ్చేశారు. మా మేనమామ మెడికల్ రెప్. "పొద్దున లేవగానే ఎలా ఉంటుందిరా?" అని అడిగాడు. గంట సేపు కొయ్యబారిపోతా, నడిస్తే సర్దుకుంటుంది అన్నా. తెల్లవారుజామున నాలుగింటికి నొప్పితో మెలకువ వస్తుంది అన్నా. రుమటాలజిస్ట్ (కీళ్లవాతం డాక్టర్) దగ్గరికి లాక్కెళ్లాడు. హెచ్‌ఎల్‌ఏ–బీ27 అనే జన్యువు పరీక్ష పాజిటివ్, వెన్ను చివర తుంటి ఎముకతో కలిసే కీళ్ల ఎమ్మారైలో వాపు. యాంకిలోసింగ్ స్పాండిలైటిస్, అంటే వెన్ను కీళ్లవాతం. దీనికి కత్తి కాదు, మందులూ వ్యాయామమూ. విశ్రాంతితో పెరిగి కదిలితే తగ్గే నొప్పి అయితే ఆర్థో కంటే ముందు రుమటాలజీ.

ఆర్థో_పీజీ

మంచి మాట. దీనికి జతగా: సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నొప్పి ఉంటే వెన్ను టీబీని కూడా చూడాలి. మన దేశంలో దాన్ని మర్చిపోకూడదు. ఈఎస్ఆర్, సీఆర్పీ ఒంట్లో వాపు ఉందో లేదో చూపించే చిన్న రక్తపరీక్షలే.

మిర్యాలగూడ_అమ్మాయి

నాకు కూర్చుంటే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. జ్వరం లేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. లీడ్స్ అన్న ఆగితే కరిగిపోయింది. వైజాగ్ అక్క ఆగితే కాలు బలహీనపడింది. నేను ఏడు నెలలు ఆగాను. ఇంకా ఆగాలా?

ఆర్థో_పీజీ

దీని మీద మంచి ఆధారాలున్నాయి. 2007లో నెదర్లాండ్స్‌లో 283 మంది మీద చేశారు. ఒకటిన్నర నుంచి మూడు నెలలుగా సయాటికా ఉన్నవాళ్లు. సగం మందికి త్వరగా ఆపరేషన్, సగం మందిని ఆగమన్నారు. ఆపరేషన్ వర్గం చాలా త్వరగా కోలుకుంది, కానీ ఏడాది తిరిగేసరికి రెండు వర్గాలూ సమానం, రెంటిలోనూ 95 శాతం మంది బాగయ్యామన్నారు. ఆగినవాళ్లలో 39 శాతం మంది చివరికి ఆపరేషన్ చేయించుకున్నారనేదీ గుర్తుంచుకో. అంటే మొదటి మూడు నెలల్లో ఆగడం తెలివైన పనే.

నీది ఏడు నెలలు. నీలాంటివాళ్ల మీద 2020లో కెనడాలో చేశారు: నాలుగు నుంచి పన్నెండు నెలలుగా సయాటికా, ఎల్4–5 లేదా ఎల్5–ఎస్1, 128 మంది. ఆరు నెలలకి కాలి నొప్పి మైక్రోడిసెక్టమీ వర్గంలో పదికి 2.8, ఫిజియో, మందులు, ఇంజెక్షన్లు తీసుకున్న వర్గంలో 5.2. ఇంత కాలం తగ్గని కాలి నొప్పి ఇంకా ఆగితే తగ్గే అవకాశం తగ్గుతూ పోతుంది.

లీడ్స్_తెలుగు

పీజీ గారూ, ఆ కెనడా స్టడీలో ఎవరికి ఆపరేషన్ అయిందో వాళ్లకి తెలుసు కదా. కత్తి పడిందన్న నమ్మకం కూడా నొప్పి తగ్గిస్తుంది. పైగా అందరూ ఒకే ఆసుపత్రివాళ్లు.

ఆర్థో_పీజీ

ఒప్పుకుంటా, ఆ లోపం ఉంది. అందుకే ఒక్క అంకె పట్టుకుని "చేయించుకో" అనను. ఈ అమ్మాయికి మడమ లేవడం లేదు, నరమూ నొప్పీ స్కానూ ఒక్కటే చెబుతున్నాయి, చదువు ఆగింది. ఇవన్నీ కలిస్తేనే నా తూకం ఆపరేషన్ వైపు మొగ్గుతుంది. బలహీనత లేకపోతే నేనూ ముందు ఇంజెక్షన్ అనేవాణ్నే.

ఫిజియో_బెజవాడ

నా వృత్తి ఆపరేషన్లు తప్పించడం, అయినా పీజీ మాటకే ఓటు. ఈలోపు: పాదహస్తాసనం, పశ్చిమోత్తానాసనం మానెయ్. యూట్యూబ్‌లో నడుం నొప్పి అనగానే ముందుకి వంగే ఆసనాలే చూపిస్తారు, నీకవి ముల్లు మీద కొట్టడమే. బోర్లా పడుకుని మోచేతుల మీద లేచి చూడు. నొప్పి పాదం నుంచి పైకి, పిర్ర వైపు వస్తే మంచి గుర్తు, చెయ్యి. కిందికి దిగితే వెంటనే ఆపెయ్. నడక ఎంత వీలైతే అంత.

హన్మకొండ_టీచర్

సంబంధాల గురించి మీరంతా దాటవేశారు, ఆ పిల్ల నిద్ర పోగొడుతున్నది అదే.

బిడ్డా, నాకు పెళ్లికి ముందే ఎల్5–ఎస్1 డిసెక్టమీ అయింది. మా అమ్మ కూడా ఎవరికీ చెప్పొద్దంది. నేను పెళ్లిచూపుల్లోనే చెప్పిన. ఇద్దరు వద్దన్నరు. మూడో ఆయన "ఇప్పుడు నొప్పి ఉన్నదా?" అని అడిగిండు. లేదన్న. ఆయననే చేసుకున్న. ఇద్దరు పిల్లలు, ఇద్దరూ మామూలు కాన్పులే. డిసెక్టమీ అయినంత మాత్రాన కాన్పుకి అడ్డు లేదని గైనకాలజిస్ట్ చెప్పింది. కడుపుతో ఉన్నప్పుడు మత్తు డాక్టర్‌కి మాత్రం పాత ఆపరేషన్ సంగతి ముందే చెప్పమంది, వెన్నులో సూది ఇయ్యాల్సి వస్తే వాళ్లకి తెలిసి ఉండాలని. దాచి పెళ్లి చేసుకుంటే రేపు నడుం పట్టిన ప్రతిసారి దొంగతనం చేసినట్టు ఉండాలె. మీ అమ్మకి నా పోస్ట్ చదివి వినిపించు. కాలు ఈడ్చుకుంటా పెళ్లిచూపుల్లో కూర్చున్నా అడుగుతరు కదా.

టీపీఏ_బాబాయ్

డబ్బు సంగతి. తెల్లకార్డు ఉంది కాబట్టి ముందు ఆరోగ్యశ్రీ. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి పది లక్షల దాకా పెంచారు. ఆసుపత్రి ఆ జాబితాలో ఉందా, నీకు చెప్పిన ఆపరేషన్ ప్యాకేజీలో ఉందా అని కౌంటర్ దగ్గర ఆరోగ్యమిత్రని అడుగు. ఎమ్మారై సీడీ, డాక్టర్ చీటీలు, ఆధార్, రేషన్ కార్డు, అన్నీ జిరాక్స్‌లతో. ముందస్తు అనుమతి రాకుండా అడ్మిట్ అయి డబ్బు కట్టొద్దు.

ఉద్యోగాలు చేసే మిగతావాళ్లకి: సొంత హెల్త్ పాలసీల్లో డిస్క్ జబ్బులకి చాలావాటిలో రెండేళ్ల వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది. నొప్పి వచ్చాక పాలసీ కొనడం దండగ. కంపెనీ గ్రూప్ పాలసీలో మామూలుగా ఆ షరతు ఉండదు, రిజైన్ చేసేముందే ఆలోచించుకోండి.

నిర్వాహకులు

ఆసుపత్రుల పేర్లతో తిట్లు రాసిన రెండు పోస్టులు తీసేశాం. డాక్టర్ల ఫోన్ నంబర్లు కూడా పెట్టొద్దు.

మిర్యాలగూడ_అమ్మాయి

అప్‌డేట్. నిమ్స్‌లో చూపించుకున్నా. పొద్దున్నే ఓపీ చీటీ కోసం లైన్లో నిలబడటమే ఒక పరుగు పందెం, కాని అక్కడి డాక్టర్ చేసిన పని ఇంతకుముందు ఎవరూ చెయ్యలేదు. పడుకోబెట్టి ఎడమకాలు నిటారుగా ఎత్తారు, ముప్పై డిగ్రీల దగ్గరే అరిచేశా. మడమ దగ్గర సుత్తితో కొట్టారు, కుడిపాదం ఎగిరింది, ఎడమపాదం కదలలేదు. డైనమిక్ ఎక్స్‌రేలో పూసలు స్థిరంగా ఉన్నాయట. స్క్రూల గురించి అడిగితే "నీకెందుకమ్మా" అన్నారు. ఇంజెక్షన్ అడిగితే ఇస్తా, కొన్ని వారాలు నొప్పి తగ్గొచ్చు, బలం రావడానికి మాత్రం అది మందు కాదు అన్నారు.

మైక్రోడిసెక్టమీకి ఒప్పుకున్నా. పేరు రాయించాం, ఆరోగ్యశ్రీ కాగితాలు వెళ్లాయి. ప్రమాదాలు కూడా అడిగా: నరం పొర చిరిగి నీరు కారడం, ఇన్‌ఫెక్షన్, మళ్లీ జారడం, తిమ్మిరి మిగిలిపోవడం. అన్నీ తెలుగులో చెప్పి సంతకం పెట్టించుకున్నారు. నాన్న సంతకం పెడుతుంటే చెయ్యి వణికింది. అమ్మ టీచర్ అక్క పోస్ట్ రెండుసార్లు చదివించుకుని, "ఆ మూడో ఆయనది ఏ ఊరట?" అని అడిగింది.

800 మీటర్లు ఎప్పుడు పరిగెత్తొచ్చు?

ఫిజియో_బెజవాడ

నడక మర్నాడే. మొదటి ఆరు వారాలు వంగి ఎత్తడం, నడుం మెలితిప్పడం వద్దు, ఒకేసారి ఎక్కువసేపు కూర్చోవద్దు. తర్వాత కోర్ (పొట్ట, నడుం కండరాల) వ్యాయామాలు. మూడు నెలల దగ్గర సర్జన్ సరేనంటే జాగింగ్ మొదలు. లాంగ్ జంప్ అన్నిటికంటే చివరికి, ఇసుకలో దిగేటప్పుడు పడే దెబ్బ నడుంకే. ఈసారి నోటిఫికేషన్ వదిలేసినా పరవాలేదు, రాతపరీక్షకి చదువు. పడుకుని వినేలా క్లాసులు రికార్డు చేసుకో.

మిర్యాలగూడ_అమ్మాయి

హాస్టల్లో నేల మీదే పరుపు, బాత్రూమ్ ఇండియన్ టైపు. డిశ్చార్జ్ అయ్యాక నేరుగా మిర్యాలగూడ వెళ్లిపోనా? బస్సులో మూడు నాలుగు గంటలు కూర్చోవాలి.

వైజాగ్_అల

బస్సు వద్దు చెల్లీ. కారు మాట్లాడుకుని ముందు సీటు బాగా వెనక్కి వాల్చుకుని వెళ్లు, గంటకోసారి ఆపించి దిగి నడువు. ఇంట్లో ఇండియన్ టైపే అయితే దాని మీద పెట్టే కమోడ్ కుర్చీ దొరుకుతుంది, కోఠిలో సర్జికల్ షాపుల్లో ముందే కొనుక్కుని డిక్కీలో పెట్టుకో. మంచం మోకాలి ఎత్తుకి తగ్గకూడదు. లేచేటప్పుడు ముందు పక్కకి తిరిగి, కాళ్లు కిందికి వదిలి, చేతులతో నెట్టుకుని లే.

మిర్యాలగూడ_అమ్మాయి

కుర్చీ ఎంత ఉంటుంది అక్కా? నాన్న రేపు కోఠి వెళ్తానంటున్నారు.

నాలుగు_స్క్రూలు

నేను వాడింది అటక మీదే ఉంది చెల్లెమ్మా, ఉప్పల్‌లో ఉంటా. ప్రైవేట్ మెసేజ్ పెట్టు, నాన్నని వచ్చి తీసుకెళ్లమను, డబ్బులేం వద్దు. రబ్బరు బుష్‌లు మాత్రం కొత్తవి వేయించుకోండి, అరిగిపోయాయి.